కుళాయి నీరు వచ్చే దారిలో ఉద్దానం వారి పడమటి ప్రయాణం

పలాస: ఉద్దానం మనిషికి ప్రయాణం కొత్త కాదు. బతుకుతెరువు కోసం హైదరాబాదు, చెన్నై, కోల్‌కతా, అండమాన్ దాకా పోయి వస్తున్నవారు ఇక్కడ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఈ ప్రయాణాలన్నీ ఉత్తరానికో దక్షిణానికో సాగేవే. రైలు పట్టాలు, జాతీయ రహదారి ఎటు పోతే మనవారూ అటే పోతున్నారు. తూర్పున సముద్రం ఉంది. మిగిలింది పడమర. వాన వెలిసి ఆకాశం తేటపడిన రోజున కొబ్బరి చెట్ల సందుల్లోంచి మహేంద్రగిరి నీలంగా కనిపిస్తుంది. ఆ కొండల అవతల ఏ ఊళ్లు ఉన్నాయో, ఏ ఏరు పారుతోందో చూసివచ్చిన వారు మాత్రం ఊరికి పదిమంది కూడా ఉండరు.

వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊరివారు ఈసారి పడమటికి బండి కట్టాలని నిర్ణయించుకున్నారు. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అప్రస్తుతం. ఇటువంటి ఊళ్లు ఉద్దానంలో చాలా ఉన్నాయి. ప్రయాణానికి తయారవుతున్నవారు పదకొండు మంది. వారిలో ఒకాయన కిడ్నీ రోగి. పలాసలో వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఒకప్పుడు రోజంతా కొబ్బరి చెట్లెక్కి దింపు తీసిన మనిషి. ఇప్పుడు ఇంటి అరుగు ఎక్కాలన్నా గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ప్రయాణం ఆలోచన మొదట పుట్టింది ఆయనకే. కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయి గదా, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో కళ్లారా చూసి రావాలని ఆయన కోరిక. విన్నవారు మొదట నవ్వారు. తర్వాత ఒకరొకరుగా తామూ వస్తామన్నారు.

నవ్వవలసిన కోరిక కాదిది. ఉద్దానంలో రెండు దశాబ్దాలకు పైగా మూత్రపిండాల వ్యాధి ఇంటింటికీ చుట్టమైంది. బావి నీరే కారణమని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో చెమటోడ్చి చాలినన్ని నీళ్లు తాగకపోవడమని మరికొందరు అంటూ వచ్చారు. దేశ విదేశాల వైద్యులు వచ్చి నెత్తురు, మూత్రం, మట్టి, నీరు పరీక్షకు పట్టుకెళ్లారు. ఇదీ కారణమని నేటికీ గట్టిగా తేలలేదు. తేలినా తేలకపోయినా తాగునీరు మార్చాలన్న డిమాండు మాత్రం ఏళ్ల తరబడి వినిపించింది. 2019 సెప్టెంబరులో పలాసలో ఆ పథకానికి శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబర్ 14న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి పలాసలోని కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రితో పాటు ఈ తాగునీటి పథకాన్నీ ప్రారంభించారు. సుమారు 700 కోట్ల రూపాయల పథకమిది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని 807 ఊళ్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. నీరు వచ్చేది హిరమండలం జలాశయం నుంచి. అంటే వంశధార నుంచి. దారిలో మెళియాపుట్టి వద్ద శుద్ధి చేసి ఇటు పంపుతారు.

కాబట్టి ఈ పదకొండు మంది గొట్టాలు వచ్చిన దారిలో వెనక్కి నడవాలనుకుంటున్నారన్న మాట.

మూడు మాటలు

ఊళ్లో నలుగురు కూర్చుంటే నాలుగు దారులు పుడతాయి. ఇక్కడా అదే జరిగింది. కుర్రవాళ్లు మహేంద్రగిరి ఎక్కుదామన్నారు. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న ఈ పర్వతం ఎత్తు సుమారు 1,500 మీటర్లు. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర రాతి గుడులు ఉన్నాయి. శివరాత్రికి ఆ కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఈ పర్వతం గురించి మనవారిలో చాలామంది ఎరుగని సంగతి ఒకటుంది. మహేంద్రతనయ అనే పేరుతో ఇక్కడ రెండు ఏరులు పుట్టాయి. ఒకటి సోంపేట వైపు దిగివచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది కొండకు అవతలి పక్కన పర్లాకిమిడి మీదుగా పారి వంశధారలో కలుస్తుంది. పుట్టిల్లు ఒకటే, అత్తవారిళ్లు వేరు. బారువలో స్నానం చేసే మనిషికి మొదటిది తెలుసు. రెండోది ఇప్పుడు వంశధారతో కలిసి ఉంది.

కానీ కొండ ఎక్కడం డయాలసిస్ రోగికి కుదిరే పని కాదు. ఆయనను దిగువన బండిలో కూర్చోబెట్టి మిగతావారు ఎక్కివస్తే ఎవరికోసం బయల్దేరినట్టు? ఆ మాట అక్కడితో ఆగింది.

ఆడవారు శ్రీముఖలింగం అన్నారు. వంశధార ఒడ్డున ఉన్న ఈ క్షేత్రం ఒకప్పుడు కళింగనగరం. తూర్పు గాంగుల రాజధాని. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు మూడు గుడులలో కొలువై ఉన్నారు. మధుకం అంటే ఇప్పచెట్టు. ఇప్పచెట్టు మొదలులోనే స్వామి వెలిశాడని, మొదట కొలిచినవారు సవరలని స్థలపురాణం చెబుతోంది. ఇప్పటికీ కొండల మీది సవరలు ఈ గుడిని తమదిగానే భావిస్తారు. ముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలోనే 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు జన్మించారు. పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, అక్షరం ముక్క రాని సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకున్నారు. వారికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. మనం మాట్లాడే తెలుగునే పుస్తకాల్లో రాయాలని పోరాడిన మనిషి కూడా ఆయనే. ఇవాళ పేపరు చదువుతున్న ప్రతి ఒక్కరూ ఆయనకు రుణపడినవారే. ముఖలింగం వెళ్లినవారు గుడి చూసి, కొబ్బరికాయ కొట్టి తిరిగివచ్చేస్తున్నారు గానీ పర్వతాలపేట వైపు తల తిప్పి చూసేవారు తక్కువ.

మూడో మాట సీతంపేట. హిరమండలం దాటి కొత్తూరు, అక్కడి నుంచి కొండల నడుమ సీతంపేట, దిగితే పాలకొండ. సవరలు, జాతాపులు ఉండే ఏజెన్సీ ఇది. ఊళ్లో జీడిపిక్కల వ్యాపారం చేసే ఒకాయన ఎన్నోసార్లు వెళ్లి వచ్చారట. చింతపండు, కొండచీపుళ్లు, పసుపు, అనాస అక్కడి సంతలో చూడాలంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట, భామిని, పాలకొండ మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయాయి. శ్రీకాకుళం జిల్లాకు కొండలు కొన్నే మిగిలాయి.

చర్చ రెండు రాత్రులు సాగిందని చెబుతున్నారు. చివరకు ముఖలింగం, హిరమండలం కలిపి ఒకే రోజున చూసి రావడానికి నిశ్చయమైంది. సీతంపేట మాత్రం కుర్రవాళ్లకు బాకీ.

బుధవారమే ఎందుకు

ప్రయాణం నాడు నక్షత్రం చూడడం మన వాడుక. ఈ ప్రయాణానికి ముందుగా ఆసుపత్రి చీటీ చూడాల్సి వచ్చింది. ఆయనకు డయాలసిస్ మంగళవారం, శుక్రవారం. సూది పెట్టి కూర్చుంటే నాలుగు గంటలు పడుతుంది. ఇంటికి వచ్చాక ఆ పూట లేవలేరు. మర్నాడు ఉదయానికి ఒళ్లు తేలికపడుతుంది. తర్వాత రోజు గడిచేకొద్దీ ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. కాబట్టి దూరప్రయాణం పెట్టుకుంటే డయాలసిస్ అయిన మర్నాడే పెట్టుకోవాలి. మంగళవారానికి మర్నాడు బుధవారం. శుక్రవారానికి మర్నాడు శనివారం.

ముసలివారు సోమవారం పట్టుబట్టారు. శివుడి గుడికి సోమవారం గాక బుధవారం వెళతారా అని వాదించారు. సోమవారమంటే ఆయన ఒంట్లో మూడు రోజుల నీరు నిలిచి ఉంటుంది. దారిలో ఏదైనా జరిగితే కొండల మధ్య ఎవరు చూస్తారు? పిల్లల బడికి సెలవు కాబట్టి ఆదివారం అన్నవారూ ఉన్నారు. శనివారం కుదురుతుంది గానీ ఆ రోజు బాడుగ బళ్లు పెళ్లిళ్లకు, తిరుపతులకు పోతాయి. ఆఖరికి బుధవారం ఖాయం చేశారు. ఇద్దరు పిల్లలకు బడి మానిపించే బాధ్యత వారి తాతగారు తీసుకున్నారు.

నెల విషయంలో కూడా ఆలోచన అవసరమైంది. ముఖలింగానికి కార్తీకమాసం పెట్టింది పేరు. అయితే ఉద్దానం వారికి అక్టోబరు, నవంబరు నెలలంటే గుండెల్లో దడ. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ వచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ మన తీరాన్నే తాకింది. కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. అప్పుడే వంశధార పొంగి లోపలి ఊళ్లనూ ముంచింది. ఆ నెలల్లో దూరం పోతే మనసంతా ఇంటి మీదే ఉంటుంది. మార్చి వస్తే జీడిపిక్కలు రాలతాయి, మే దాకా చేతికి ఖాళీ ఉండదు. వానాకాలంలో ఏటి దారులను నమ్మరాదు. ఇక మిగిలింది సంక్రాంతి తర్వాత శివరాత్రి లోపల. వరి నూర్పులు అయిపోయి, జీడి పూత మీద ఉండే రోజులు. చలి తగ్గుముఖం పడుతుంది. ఉదయం పూట మంచు మాత్రం ఉంటుంది.

బయల్దేరేది ఎటు

దారి ఈ విధంగా నిర్ణయించారు. తెల్లవారుజామున బయలుదేరి కాశీబుగ్గ మీదుగా జాతీయ రహదారి ఎక్కి టెక్కలి చేరతారు. మంచులో లారీల వెనుక నెమ్మదిగా పోవాలని డ్రైవరుకు గట్టిగా చెప్పారు. టెక్కలిలో ఉప్మాయో ఇడ్లీయో తిని, బండికి ఆయిలు పోయించుకుని పడమటికి తిరుగుతారు. అక్కడి నుంచి అసలు ప్రయాణం. మెళియాపుట్టిలో పర్లాకిమిడి గజపతులు కట్టించిన రాధావేణుగోపాలస్వామి గుడి ఉంది. అదే మండలంలో మన నీటిని శుద్ధి చేసే కేంద్రం కూడా ఉంది. లోపలికి ఎవరినిబడితే వారిని పోనివ్వరు. ముందుగా తాగునీటి శాఖ వారి దగ్గర అనుమతి తీసుకుంటే మంచిది. గ్రామ సర్పంచు చేత కాగితం రాయించుకోవాలని ఈ బృందం అనుకుంటోంది. ఇటువంటి కోరికతో ఒక ఊరివారు వస్తే తలుపు తెరచి చూపించడం అధికారులకు భారమేమీ కాదు. నీరు ఎలా శుభ్రమవుతుందో కళ్లారా చూసినవాడు బావి నీటికి మళ్లీ మళ్లడు. వంద ప్రచార సభలకంటే ఇది మేలు.

తర్వాత పాతపట్నం. నీలమణి దుర్గమ్మ దర్శనం. అక్కడి నుంచి పర్లాకిమిడి అడుగు దూరం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. బజారు మాత్రం నేటికీ ఇరువైపులా ఒకటే. రాజావారి కోట చూద్దామని ఆడపిల్లలు అడిగారు. సొంత బండి అయితే ఇబ్బంది లేదు. పసుపు బోర్డు బాడుగ బండి రాష్ట్రం దాటాలంటే పర్మిట్ కావాలి. అది లేకపోతే చెక్‌పోస్టులో రోజంతా గడిచిపోతుంది. కాబట్టి కోట మానుకున్నారు.

పెద్దవారికి ఈ దారి అంటే నౌపడ చిన్న రైలే గుర్తుకు వస్తుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్న పట్టాల రైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, 1931లో గుణుపురం చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు. నడుస్తున్న రైలు దిగి, చేలో చింతకాయలు కోసుకుని, మళ్లీ పరుగెత్తి ఎక్కేవారమని చెప్పే తాతలు ఇంకా ఉన్నారు. ఎంతవరకు నిజమో గానీ చెప్పేటప్పుడు మాత్రం వారి కళ్లలో వెలుగు చూడాలి. 2004లో దానిని ఆపి పెద్ద లైను వేశారు. ఇప్పుడు టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా గుణుపురానికి పెద్ద రైలే నడుస్తోంది. బండి కట్టుకునే స్తోమత లేనివారికి ఇది చవక మార్గం.

పాతపట్నం నుంచి వంశధార దాటితే హిరమండలం. గొట్టా వద్ద బ్యారేజి, దాని ఎడమ కాలువ. నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు శివారు రైతులు ఏటా ఏ నీటి కోసం ఎదురుచూస్తారో ఆ నీరు బయలుదేరేది ఇక్కడే. శివారుకు చేరేసరికి ఎంత మిగులుతుందో రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పక్కనే జలాశయం. నది ఎగువన భామిని మండలం కాట్రగడ దగ్గర వరద నీటిని మళ్లించి కాలువ ద్వారా ఇందులో నింపుతారు. పూర్తిగా నిండితే 19 టీఎంసీలు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార ఇక్కడ కాస్త ఆగి ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. ఈ జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే మునిగాయి. హిరమండలం, కొత్తూరు, ఎల్.ఎన్.పేట మండలాల రైతులు ఇళ్లు, పొలాలు, ఊరి గుళ్లు వదిలి పునరావాస కాలనీలకు తరలిపోయారు. పరిహారం కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. ఉద్దానం కుళాయిలో వచ్చే బిందెడు నీటి వెనుక వారి ఊళ్లు ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక ఈ బృందంలోని ఒక ముసలావిడ, దారిలో ఆ కాలనీ ఒకటి చూసి పలకరించి రావాలని, ఉత్తచేతులతో పోరాదని పట్టుబట్టింది. రెండు బస్తాల కొబ్బరికాయలు, కొంచెం జీడిపప్పు బండిలో వేయడానికి ఒప్పుకున్నారు. అసలు ప్రయాణంలో ఇంతకంటే మంచి ఏర్పాటు మరొకటి లేదు.

ఏనుగుల మాట

హిరమండలం నుంచి వెనక్కి తిరిగి ముఖలింగం చూసుకుని, నరసన్నపేట దగ్గర మళ్లీ జాతీయ రహదారి ఎక్కుతారు. కొత్తూరు, భామిని వైపు పోకపోవడానికి ఇంకో కారణం ఏనుగులు. ఒడిశాలోని లఖేరి లోయ నుంచి 2007 ప్రాంతంలో ఈ వైపు దిగిన నాటి నుంచి కొత్తూరు, భామిని, సీతంపేట పొలాల్లో ఏనుగుల భయం ఉంది. మనుషులూ పోయారు, ఏనుగులూ పోయాయి. 2023 మే నెలలో కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. ఆ దారిన పోదలచినవారు ఉదయమే అటవీశాఖ సిబ్బందినో, దారిలోని టీకొట్టువారినో అడిగి మంద ఎటు ఉందో తెలుసుకోవాలి. చీకటి పడకముందే కొండ దిగిపోవాలి. ఏనుగు కనబడితే బండి దిగి ఫొటో తీయాలనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లోపలి గూడేల దగ్గర ఫోన్లు పలకవు. రోగిని డోలీలో రోడ్డు దాకా మోసుకురావలసిన కొండ గూడేలు ఇంకా ఉన్నాయి. అటువంటి చోటికి డయాలసిస్ మనిషిని తీసుకుపోవడం సాహసం అనిపించుకోదు, తొందరపాటు అనిపించుకుంటుంది.

రోగి సంచిలో ఏముండాలో ఆసుపత్రి వారు చెప్పి పంపారు. మందులు రెండు రోజులకు సరిపడా, ఆసుపత్రి ఫైలు, బీపీ చీటీ. సూది పెట్టే చేతితో బరువు ఎత్తరాదు, ఆ చేతికి బిగుతుగా ఏదీ కట్టరాదు. రోజుకు నీరు, టీ, మజ్జిగ అన్నీ కలిపి కొలతే. ఇంటి నుంచి గీత పెట్టిన సీసా ఒకటి తీసుకుంటారు. అది అయిపోతే ఇక ఆ రోజుకు అంతే. గుడిలో ఇచ్చే అరటిపండు, కొబ్బరినీరు నోట పెట్టరాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కొబ్బరి నీళ్లు తాగి పెరిగిన మనిషికి, బండి నిండా కొబ్బరికాయలు పెట్టుకుని, ఒక్క గుక్క తాగరాదని చెప్పడం ఎంత కష్టమో ఉద్దానం వారికే తెలుస్తుంది. వెంట వచ్చేవారు ఆయన ఎదుట బోండాలు కొట్టరాదని తమలో తాము మాట్లాడుకున్నారు. తిరుగు దారిలో ఇబ్బంది వస్తే టెక్కలి ఆసుపత్రిలో డయాలసిస్ వసతి ఉందని కూడా తెలుసుకుని ఉంచారు. రోగులు ఉన్న ఇళ్లవారు ఎక్కడికి పోయినా ముందుగా చేయవలసిన పని ఇదే.

జలాశయం గట్టు మీద ఎంతసేపు ఉండాలన్నది ఆయన ఇష్టానికే వదిలారు. మిగతా అన్నిచోట్లా డ్రైవరు గడియారం చూస్తాడు. అక్కడ మాత్రం చూడడు.

బండి బాడుగ పది వాటాలు వేసుకున్నారు. ఆయన వాటా మిగతావారు భరిస్తున్నారు. ఆయన మొదట ఒప్పుకోలేదు, ఇంటి ఆడవారు నచ్చజెప్పాక ఊరుకున్నారు. అన్నం, పులుసు, వంకాయ కూర ఇంటి నుంచే. ఆయనకు ఉప్పు తగ్గించి వేరే గిన్నెలో. నాలుగు గంటలకు బండి రామాలయం దగ్గరికి రావాలి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు డ్రైవరుతో మరో మాట కూడా ఖాయం చేసుకున్నారు. మంగళవారం డయాలసిస్ అయ్యాక రాత్రి ఎనిమిది గంటలకు ఆయన ఇంటికి ఒకరు వెళ్లి అడిగివస్తారు. ఒంట్లో బాగులేదంటే బండి ఆ రోజు కదలదు. వారితో పదిమందీ ఆగుతారు. ప్రయాణం మరుసటి బుధవారానికి మారుతుంది, అడ్వాన్సు డ్రైవరు దగ్గరే ఉంటుంది.